ఖాళీ బీకరులో సీసం

న్యూకాసిల్
జనవరి 20, 2024

చిన్నాయనా,

దిగింది! ఇవాళ నా చేతి కింద మొదటిసారి సీసం దిగింది! ఒక్క చుక్క. చూడ్డానికి మంచినీళ్ళ బొట్టులాగే ఉంది. అందులో ఉన్న సీసం కంటికి కాదు కదా, మీ నగల దుకాణంలో తక్కెడకి కూడా అందదు. అయినా నేను ఆ గదిలో ఒక్కదాన్నే గంతులేశాను. ఒంటికి తెల్ల సూటు, తలకి టోపీ, మూతికి మాస్కు, చేతులకి రెండు జతల గ్లవుజులు. ఆ అవతారంలో నేను ఎగురుతుంటే అద్దం అవతల నిలబడ్డ ఫియోనా పడీ పడీ నవ్వింది. ఫియోనా మా ల్యాబ్ టెక్నీషియన్. బెల్‌ఫాస్ట్ మనిషి, ఇరవై రెండేళ్ళుగా ఇక్కడే. నాకీ పని చేయి పట్టుకుని నేర్పింది ఆవిడే.

ఫోన్లో నేను చెప్పేది మీకు వినపడదు, చిన్నమ్మేమో సగం మింగేసి సగం తన సొంతది కలిపి చెప్తుంది. "ఉత్తరం రాయి బిడ్డా, నీ పని సంగతి పూసగుచ్చినట్టు రాయి" అన్నారు కదా. ఇదిగో, విసుక్కోకుండా చదవాలి మరి.

స్కాట్లండ్‌కి పడమట సముద్రం అడుగున నలభై ఏళ్ళ కిందట డ్రిల్లు వేసి తీసిన రాయి ఇది. ఆరు కోట్ల ఏళ్ళ నాటి లావా. ఆ లావా పైకొచ్చే దారిలో ఇంకా పాత నేల దేన్నైనా కరిగించి మింగిందా అన్నది నా ప్రశ్న. మింగి ఉంటే ఆ సముద్రం కింద ఎవరికీ తెలియని పురాతన భూమి దాక్కుని ఉన్నట్టు! సీసంలో బరువు తేడాతో నాలుగు రకాలుంటాయి. వాటి పాళ్ళు చూస్తే ఆ సీసం ఏ నేలదో తెలిసిపోతుంది, నోరు తెరవగానే ఇతనిది కరీంనగరా కర్నూలా అని మనం పట్టేసినట్టు.

పని ఇలా ఉంటుంది. రాయిని ఆసిడ్‌లో వేసి రోజుల తరబడి హాట్ ప్లేట్ మీద పెడితే కరిగిపోతుంది. దాన్ని చిటికెనవేలంత గొట్టంలో రెజిన్ పూసల మీద పోస్తాను. ఒక ఆసిడ్ పోస్తే ఇనుమూ, సున్నమూ, తక్కిన బలగమంతా కిందికి పోతుంది. సీసం ఒక్కటే పూసల్ని పట్టుకుని కూర్చుంటుంది. ఇంకో ఆసిడ్ పోస్తే అప్పుడు దిగొస్తుంది మహారాణి!

ఆ రాయి ఇక మిగిలింది ఏడు తునకలు, ఒక్కోటి బియ్యపు గింజంత. మళ్ళీ దొరకదు. సీసం రకాల్ని లెక్కగట్టే మెషీను మే 14 నుంచి మూడు రోజులు నాది. అది తప్పితే మళ్ళీ వచ్చే జనవరే. అప్పటికి నా స్కాలర్‌షిప్ అయిపోతుంది, పీహెచ్‌డీ లేకుండా ఇంటిదారి పట్టాలి. అందుకే భయం. అందుకే ఇంత సంబరం.

చిన్నమ్మ పంపిన పార్సెల్ అందింది. కారప్పొడి, సకినాలు, ఆంజనేయస్వామి సిందూరం పొట్లం, అన్నీ భద్రం. సకినాలు మాత్రం ఇప్పుడు లేవు.

మీ మనోజ్ఞ


ఈస్ట్ హామ్
లండన్, ఫిబ్రవరి 3

బిడ్డా మనోజ్ఞా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. నాలుగోసారి మా దుకాణం ఓనరు విజయభాస్కర్ గారికి చదివి వినిపిచ్చిన. ఆయన కోస్తా మనిషి. "కనపడని సీసం తీసి ఏం చేసుకుంటారండీ సదాశివం గారూ?" అన్నడు. నేనూకుంటనా? "మీరు కనబడే బంగారం అమ్ముతరు సార్, కనబడనిది తీసేటోళ్ళ సంగతి మీకెట్ల తెలుస్తది" అన్న. నవ్విండు, గని మొఖం మాడ్చుకొని నవ్విండు.

నీది నా పనే బిడ్డా! వెనక రూముల కూసొని నేను చేసేది గదే. పాత నగ కరగబెట్టి ఆసిడ్‌ల ఏస్తె రాగి, వెండి నీళ్లల్ల కలిసిపోతయి. బంగారం అడుగుకు బురద లెక్క కూసుంటది. ఆ బురదను చూస్తె ఎవ్వరు బంగారమనరు. కడిగి, మూసల పెట్టి కాలిస్తె అప్పుడు నవ్వుతది. నా ముప్పై ఎనిమిదేండ్ల పనిల ఆ నవ్వు చూసుడు ఇంక మొఖం మొత్తలె. బంగారం పని చేసే ఔసలోళ్ళ పిల్లవు, గంతులెయ్యకుంట ఎట్లుంటవ్?

గని ఒక్కటి అడుగుత. నువ్వు దించిన సీసం ఆ రాయిదేనని ఏం నమ్మకం? గాలిల దుమ్ముంటది, ఆసిడ్‌ల నలకుంటది. మా గురువు దేవదానం సారు ఉత్త మూసను కాల్చి చూసినంకనే బంగారం ఏసేటోడు. మీకాడ గసొంటిది ఉన్నదా?

మీ చిన్నమ్మ నిర్మల, సకినాలు మల్ల పంపుతదట. డబ్బ వాపసు పంపు అంటుంది.

సదాశివం చిన్నాయన


న్యూకాసిల్
మార్చి 9

చిన్నాయనా,

మీరు అడిగిన ప్రశ్నే నా కొంప ముంచింది.

మీ గురువుగారి ఉత్త మూస లాంటిదే మా దగ్గర ఉంది. దాన్ని బ్లాంక్ అంటాం. రాయి వేయకుండా ఖాళీ బీకరుతో మొదట్నుంచి చివరిదాకా అదే పని చేయాలి. చివర్లో, రోజూ దొరికే మామూలు మెషీన్ మీద చూస్తే, ఎంత సీసం వస్తే అదంతా బయటి నుంచి దూరిన దొంగ సీసం. గ్రాములో లక్ష కోట్ల వంతుని పికోగ్రామ్ అంటారు. మా బ్లాంక్ యాభై పికోగ్రాములు దాటకూడదు. నవంబరులో ఫియోనా చేస్తే పద్దెనిమిది వచ్చింది. నాకెంత వచ్చిందో తెలుసా? తొమ్మిది వందల నలభై!

ఆసిడ్ మార్చాను. రెజిన్ మార్చాను. గ్లవుజుల కంపెనీ మార్చాను. ఎనిమిది వందల డెబ్భై, వెయ్యీ ఇరవై, తొమ్మిది వందల పది. మార్చాను కాబట్టి బాగైపోయి ఉంటుందనే ధైర్యంతో, బ్లాంక్ లెక్క రాకముందే రెండు తునకలు కూడా కరిగించి చూశాను, రెండూ మట్టిపాలు. ఇక మిగిలినవి ఐదు.

ఆఖరికి మిగిలింది బీకర్లే. వాటిని కడిగేది ఫియోనా. ఒక్కో బీకరునీ వారం పాటు, ఆసిడ్ మార్చి మార్చి ఉడకబెట్టాలి. క్రిస్మస్ ముందు మోకాలి ఆపరేషన్ అయినప్పట్నుంచి ఆవిడ సగం పూటే వస్తోంది. ఒక వాయి ఎగ్గొడుతోందని నాకు అనుమానం. ఊరుకుని ఊరుకుని మా ప్రొఫెసర్ కాల్‌డ్వెల్‌కి ఈమెయిల్ రాశాను. సంగతి తేలేదాకా బీకర్ల పని వదిలేయమని ఆయన ఫియోనాకి చెప్పారు.

ఆవిడ ఆ గది తాళంచెవి నా టేబుల్ మీద పెట్టి, "ఇరవై రెండేళ్ళలో నా బీకర్ల మీద ఎవ్వరూ మాట అనలేదు, లవ్" అని వెళ్ళిపోయింది. లవ్ అంటే ఇక్కడ మనం అమ్మా అని పిలిచినట్టు. నాకూ బాధగానే ఉంది. కానీ నేనేం చేయను చిన్నాయనా? నా మూడేళ్ళ చదువు ఆ బీకర్లలో ఉంది!

మనోజ్ఞ


ఈస్ట్ హామ్
మార్చి 14

మనోజ్ఞకు,

ఆమె వాయి ఎగ్గొట్టంగ నువ్వు చూసినవా?

చూడకుంట రాసినవ్. చేతిపని చేసేటోళ్ళ మీద అనుమానపడుడు అన్నిటికన్న అగ్గువ పని. కన్నతల్లి ముక్కుపుడకనైన ఔసలోడు గీకకుంట ఇడిశిపెట్టడని లోకం అంటది. పుట్టినకాడికెల్లి వింటున్న. నీ నోటెంట గసొంటి మాట వస్తదనుకోలె.

మోకాలు నొస్తుంటె కూడ వచ్చి కడుగుతుందంటె ఆమె పని ఎగ్గొట్టే మనిషి కాదు. గంత కూడ తెల్వదా?

ఇంకేం రాయ.

సదాశివం


న్యూకాసిల్
ఏప్రిల్ 2

చిన్నాయనా,

మీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. కోపం కూడా వచ్చింది, దాచడం ఎందుకు. మీరు లండన్‌లో కూర్చుని నన్నింత మాట అంటారా అని ఏడ్చాను. కానీ చూశావా అంటే, చూడలేదు. అది నిజం.

అందుకని ఏం చేశానంటే, పది బీకర్లు నేనే వారం రోజులు దగ్గరుండి కడిగాను. ఒక వాయి ఎక్కువే ఉడకబెట్టాను. బ్లాంక్ చేస్తే తొమ్మిది వందల ముప్పై! నేను కడిగినా అంతే! బీకర్లది తప్పు కాదు. ఫియోనాది తప్పు కాదు.

ఇప్పుడు అసలు సంగతి వినండి. మొన్న స్నానం చేస్తుంటే మెరుపులా తట్టింది. రాయిలోని సీసానికి సొంత ఊరున్నప్పుడు దొంగ సీసానికి మాత్రం ఉండదా? దాని ఊరు కనుక్కుంటే దొంగ దొరికినట్టే కదా! తడి జుట్టుతోనే ల్యాబ్‌కి పరిగెత్తి, కాల్‌డ్వెల్ గారి కాళ్ళావేళ్ళా పడి మెషీన్ మీద ఒక గంట సంపాదించాను. రాయినేమో పక్కన పెట్టి, ఖాళీ బీకరులో వచ్చిన మురికినే మెషీన్‌కి ఎక్కించాను. ఇలాంటి పని ఎవరైనా చేస్తారా అని పక్క ల్యాబ్ వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు.

లెక్కలు స్క్రీన్ మీదికి రాగానే కాల్‌డ్వెల్ గారు చేతిలో కాఫీ సంగతి మర్చిపోయారు. అది ఇక్కడి నీళ్ళ పైపుల సీసం కాదు, ఈ రోడ్ల దుమ్ము కాదు, మా రెజిన్‌లోది కాదు. "ఇది చాలా దూరం నుంచి వచ్చింది. దీన్ని ఎవరో మోసుకొచ్చారు" అన్నారు. ఎవరు? ఎలా?

నేను తలుపు మీద అంటించిన రూల్సన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. ఉంగరం, గాజులు, చెవికమ్మలు తీసేస్తాను. మేకప్ వద్దన్నారని కాటుక కూడా మానేశాను. ఉన్నదల్లా చిన్నమ్మ సిందూరం ఒక్కటే. పొట్లం నా డెస్కులో పెట్టుకున్నాను. రోజూ చిటికెడు తీసి బొట్టు పెట్టుకుని, స్వామీ ఈ పూటైనా బ్లాంక్ తగ్గించు తండ్రీ అని దండం పెట్టుకుని లోపలికి వెళ్తాను. ఆయనకీ నా మీద దయ లేదు.

ఫియోనాకి ఇంకా ఏమీ చెప్పలేదు. దొంగ దొరికాక ఒకేసారి చెప్దామని.

మనోజ్ఞ


ఈస్ట్ హామ్
ఏప్రిల్ 6

బిడ్డా! బిడ్డా! దొంగ దొరికిండు! నీ నొసటిమీదనే కూసున్నడు!

నీ ఉత్తరం దుకాణంల చదువుతున్న. సిందూరం అన్న కాడికొచ్చి ఆగిపోయిన. చెప్పులేసుకున్ననో లేదో యాది లేదు, బస్సెక్కి ఇంటికి ఉరికిన. నీకు పొట్లం కట్టి పంపింది అండ్లకెల్లే గద, దేవుని గూట్లకెల్లి ఆ సిందూరం డబ్బ తీస్తుంటె మీ చిన్నమ్మ "స్నానం చేయకుంట గదెందుకు ముడుతున్నవ్?" అని లొల్లి. నేను చేతులు కడుక్కొని చెప్పిన, "నిర్మలా, నువ్వు గమ్మున కూసొని చూడు."

బొగ్గుల చిన్న గుంత జేసిన. అండ్ల చిటికెడు సిందూరం పోసిన. దీపం ముట్టిచ్చి ఊదుగొట్టంతోని మంటను దాని మీదికి ఊదిన. ముందుగాల నల్లబడ్డది. బుగ్గలు నొయ్యంగ ఊదుతున్న. పసుపు పచ్చగైంది. ఇంక ఊదిన. ఒక్కసారే తళుక్కుమని గుండు లేచింది! జొన్నగింజంత! మీ చిన్నమ్మ "అయ్యో రామా" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. పటుకారుతోని తీసి సుత్తెతోని ఒక్కటి ఏస్తె పలుచగ పలకైంది. గోరు ఆనిస్తె గీత పడ్డది. కాయితం మీద గీకితె పెన్సిల్ లెక్క నల్లగ రాసింది. సీసం బిడ్డా! ఖరా సీసం!

సీసం కాల్చి చేసే ఎర్ర సిందూరం ఉంటదని మా కులపోళ్ళకు చిన్నప్పటిసంది ఎరుకే. అన్నీ గట్లనే ఉండయి, గని మా ఇంట్ల డబ్బ మీద నా కన్ను ఒక్కనాడు పడలె చూడు! నువ్వేమో గది పెట్టుకొని, గదే చేత్తోని గ్లవుజులు తొడుక్కుంటున్నవ్. నీకు నలక గుడ కనబడదాయె. నీ మెషీన్‌కు మాత్రం గుట్ట లెక్క కనబడ్డది.

మీ చిన్నమ్మ ఏడుస్తుంది. "పిల్లకు మేలైతదని పంపితి, దాని చదువుల మన్ను పోసిన్నా" అంటుంది. గామె తప్పేమున్నది? నీ తప్పు గుడ లేదు, ఇక్కడిదాంక. ఇగ మీదికెల్లి ఏం చేస్తవన్నది నీ చేతిల ఉన్నది.

సదాశివం చిన్నాయన


న్యూకాసిల్
ఏప్రిల్ 17

చిన్నాయనా,

మీ ఉత్తరం చదివి గదిలో కేక పెట్టాను. పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు కొట్టారు.

తర్వాత నాకొచ్చిన మొదటి ఆలోచన ఏమిటో మీకొక్కరికే చెప్తాను. మొహం కడుక్కుని నోరు మూసుకుంటే చాలు. రేపట్నుంచి బ్లాంక్ దానంతటదే తగ్గిపోతుంది. మనోజ్ఞ బీకర్లు కడగడం మొదలుపెట్టాకే బాగైంది అని అందరూ అనుకుంటారు. మెషీను నాది, పీహెచ్‌డీ నాది. ఒక రాత్రంతా ఆ ఆలోచనతోనే ఉన్నాను. సిగ్గుగా ఉంది రాయడానికి.

సోమవారం మీటింగులో పన్నెండు మంది ముందు లేచి చెప్పేశాను. పొట్లం టేబుల్ మీద పెట్టాను. బొట్టు మేకప్ అని నాకు తట్టనే లేదన్నాను. ఎవరో నవ్వారు. ఫియోనా బీకర్లు మొదట్నుంచీ శుభ్రంగానే ఉన్నాయి, నేను చూడకుండా ఆవిడ మీద నింద వేశాను అన్నప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు.

శిక్ష మామూలే. గదంతా తుడిచి, కొత్తగా ట్రైనింగ్ అయ్యేదాకా నేను లోపల అడుగు పెట్టకూడదు. అంటే మే నెలాఖరు. ఈలోగా ఆ ఐదు తునకల పని చేయగలిగింది ఒక్క ఫియోనానే.

తాళంచెవి ఇచ్చేసిన రోజు నుంచీ ఫియోనా సెలవులోనే ఉంది. ఆ సాయంత్రం బస్సెక్కి వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. మోకాలికి ఇంకా పట్టీ ఉంది. నేను సారీ చెప్పాను. సరే అంది. లోపలికి రమ్మనలేదు. తునకల మాట అడగలేకపోయాను. ఏ మొహంతో అడగను? తిరిగి వచ్చేశాను.

మే 14 పోయినట్టే చిన్నాయనా. అయినా గుండె మీద బరువు దిగింది. చిన్నమ్మని ఏడవొద్దని చెప్పండి.

మనోజ్ఞ


న్యూకాసిల్
మే 18

చిన్నాయనా! చిన్నాయనా! చిన్నాయనా!

ఎక్కడ మొదలుపెట్టను? నేను వాళ్ళింటికి వెళ్ళొచ్చిన వారం తర్వాత, పొద్దున్నే, ఫియోనా ల్యాబ్‌కి వచ్చింది. నేరుగా కాల్‌డ్వెల్ గారి గదిలోకి వెళ్ళి, "నా బీకర్లు శుభ్రంగా ఉన్నాయని కాగితం మీద రాసి సంతకం పెట్టండి" అంది. ఆయన పెట్టారు. దాన్ని తీసుకొచ్చి గది తలుపుకి అంటించింది, రూల్స్ కాగితం పైన! తర్వాత నా వైపు చేయి చాచి, "తాళంచెవి ఏదీ? ఆ ఐదు గింజలు ఏవీ?" అంది.

అడగకుండానే వచ్చింది చిన్నాయనా!

రెండు వారాలు నేను అద్దం బయట, ఆవిడ లోపల. కుర్చీ వేసుకోమన్నా వేసుకోలేదు, నిలబడే చూశాను. ముందు గదంతా తుడిపించి బ్లాంక్ చేసింది. ఎంతో చెప్పండి? పన్నెండు! ఆ గదిలో ఇప్పటిదాకా అంత తక్కువ ఎవరికీ రాలేదట. తర్వాత ఒక్కో తునకా కరిగించింది. ఆ చేయి చూడాలి మీరు, ఒక్క చుక్క తొణకదు. ఐదో దాని సీసం దిగాక బీకరు అద్దానికి ఆనించి నాకు చూపించింది. నేను ఇవతల గంతులు, ఆవిడ అవతల నవ్వు.

పద్నాలుగున మెషీన్ ఎక్కించాం. మొదటి తునక లెక్క రాగానే నమ్మలేక రెండుసార్లు చదివాను. రెండోదీ అంతే. ఐదుకి ఐదూ అదే మాట! ఆ లావా దారిలో పాత నేలని మింగింది. మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి నేల! ఆ సముద్రం కింద ఉంది చిన్నాయనా, నిజంగా ఉంది! కాల్‌డ్వెల్ గారు కారిడార్‌లో అరుచుకుంటూ పరిగెత్తారు, అరవై ఏళ్ళ మనిషి.

నేను ఫియోనాని కావలించుకుని ఏడ్చాను. ఆవిడ నన్ను విడిపించుకుని ఏమందో తెలుసా? "నిన్ను క్షమించేశానని అనుకోకు. దానికి ఇంకా టైం పడుతుంది. ఆ రాయి నీదీ కాదు, నాదీ కాదు. అది పాడైపోతుంటే చూస్తూ కూర్చోలేను, అంతే." నేను తలూపాను. "నీ ట్రైనింగ్ అవగానే రెండు వందల బీకర్లు నువ్వు కడుగు, పక్కన కుర్చీ వేసుకుని నేను చూస్తాను" అంది.

కడుగుతాను చిన్నాయనా. రెండు వేలైనా కడుగుతాను!

మీ మనోజ్ఞ


ఈస్ట్ హామ్
మే 23

బంగారు బిడ్డా,

నీ ఉత్తరం చదివి దుకాణంల అందరికి మిఠాయి పంచిన. విజయభాస్కర్ గారు రెండు లడ్డూలు తీసుకొని "మూడు వందల కోట్ల ఏళ్ళా!" అని నోరెళ్ళబెట్టిండు. మీ చిన్నమ్మ ఫోన్ల చుట్టాలందరికి నువ్వు సముద్రం కింద దేశం కనుక్కున్నవని చెప్తుంది. నేను ఆపుతలేను.

మార్చిల నీకు గంత కోపంగ ఎందుకు రాసిన్నో చెప్పలె. మీ చిన్నమ్మకు గుడ సగమే ఎరుక. కరీంనగర్‌ల నాకు ఇరవై నాలుగేండ్లప్పుడు, ఒక పెద్దింటోళ్ళు గొలుసు అతుకుడుకు ఇచ్చిన్రు. అతికి ఇచ్చిన. మూడోనాడు వచ్చి, దానికున్న లాకెట్ లేదు, నువ్వే తీసినవ్ అన్నరు. నేను తియ్యలె. బజార్ల నడుమ నిలబెట్టి జేబులు తీపిచ్చిన్రు. దేవదానం సారు సుత కిందికి చూసిండు. ఊరిడిశి హైదరాబాద్ పోయిన, ఆన్నుంచి ఇక్కడికి. రెండేండ్లకు ఎవరో చెప్పిన్రు, ఆ లాకెట్ వాళ్ళింట్లనే, బట్టల పెట్టెల దొరికిందట. దొరికిన తెల్లారి నుంచే మెడల ఏసుకొని తిరిగిన్రట. మా గల్లీ దూరమేం కాదు, నాలుగు అడుగులు. ఒక్కరు గుడ వచ్చి మా అమ్మకైన చెప్పలె.

నువ్వు బస్సెక్కి ఆమె గుమ్మం ముంగట నిలబడ్డవని చదివిన్నాడు, ఆ ముక్కనే మల్ల మల్ల చదివిన. ముప్పై ఐదేండ్లకు, ఎవరో నా తలుపు కొట్టినట్టే అనిపిచ్చింది.

సదాశివం చిన్నాయన